బండలాగుడు: కాడి ఎత్తకముందే ఎద్దుల జతను ఎట్లా అంచనా వేయాలి?

[దృశ్యం: తిరునాళ్ల మైదానం పక్కన చెట్ల కింద కట్టేసిన జతలు. దూరంగా మైకు మోత.]

ఉగాది వచ్చిందంటే కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో బండలాగుడు, అంటే ఎద్దుల జతతో పెద్ద రాతిబండను లాగించే పోటీల సందడి మొదలవుతుంది. ఫ్లెక్సీ మీద ప్రతి జతా వృషభరాజమే, మైకులో ప్రతి జతా గెలిచేదే. బండ కట్టాక మాత్రం గజ్జెలూ పూలదండలూ లాగవు. అందుకే జతను చూడాల్సింది ఊరేగింపులో కాదు. అలంకారం తీసి చెట్టు కింద కట్టేసినప్పుడు చూడాలి.

పక్కన చేతులు మారే పందెం డబ్బు జోలికి ఈ వీడియో పోదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంలో గుర్రప్పందేలకు మినహాయింపు ఉంది గానీ, ఎద్దుల మీద కాసే డబ్బుకు లేదు. జత కొనేవాళ్లకూ, కమిటీవాళ్లకూ, గట్టున నిలబడి చూసేవాళ్లకూ పనికొచ్చే సంగతులే ఇవి.

[దృశ్యం: లాగే బాట, చివర మళ్లే చోటు. తెర మీద అడుగుల లెక్క.]

ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగారన్నదే పోటీ. బాట 250 అడుగులనుకుందాం. పన్నెండు సార్లు నిండుగా లాగి, పదమూడోసారి 140 అడుగుల దగ్గర సమయం అయిపోతే లెక్క 3140 అడుగులు. బాట చివరికి వచ్చిన ప్రతిసారీ ఆగాలి, తిరగాలి, బండను మళ్లీ కదిలించాలి. కదిలే బండను లాగడం కంటే నిలిచిన బండను కదిలించడానికే ఎక్కువ బలం పడుతుంది. చాలా జతలు చతికిలబడేది ఇక్కడే. ఆ మొదటి ఊపు వెనక కాళ్ల నుంచి వస్తుంది. మూపురం ఎంత ఎత్తుగా ఉన్నా అది లాగదు.

[దృశ్యం: ఎద్దును వెనక నుంచి, తర్వాత పక్క నుంచి చూపాలి.]

కాబట్టి వెనక నుంచి మొదలుపెట్టండి. తోక మొదలుకు రెండు పక్కలా తొడ కండ నిండుగా, మోకీలు దాకా దిగి ఉండాలి. పక్కకు వచ్చి చూస్తే వెనక కాలిలో కొంచెం వంపు కనబడాలి. కొయ్య నాటినట్టు నిటారుగా ఉంటే నేలను తన్నే ఊపు తక్కువ, కీలు మీద దెబ్బ ఎక్కువ. కడపటి ఒకటి రెండు పక్కటెముకలు లీలగా కనిపిస్తే కంగారు పడకండి, అది సాధన చేసిన ఒళ్లు. పొట్ట జారి, గంగడోలు మొదట్లో కొవ్వు కదులుతుంటే ఉలవలు బాగా పెట్టారు, పని చేయించలేదు అని అర్థం. అలాగని బరువును కొట్టిపారేయకూడదు. బరువున్న ఎద్దుకే నేల మీద పట్టు. ఆ బరువు కొవ్వా, కండా అన్నదే తేల్చుకోవాలి.

[దృశ్యం: డెక్కల దగ్గరి షాట్. ఇది కనీసం ఇరవై సెకన్లు ఉంచాలి.]

ఇప్పుడు డెక్కలు. జనం చూడనిదీ, జతను ముంచేదీ ఇదే. ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు లాడాలు. రెండు చీలికలూ సమానంగా ఉన్నాయా, అంచు పగిలిందా, మేకు తల పైకి లేచిందా చూడండి. లాడం కొత్తగా మెరుస్తుంటే జాగ్రత్త. మేకు డెక్క లోపల జీవమున్న భాగానికి తగిలి ఉంటే ఆ రోజు తెలియకపోవచ్చు, ఒకటి రెండు రోజుల్లో డెక్క వేడెక్కి కాలు ఆనించదు. యజమాని ఒప్పుకుంటే చెయ్యి వేసి చూడండి. నాలుగింటిలో ఒక్క డెక్కే వేడిగా ఉంటే ఆ జతను పక్కన పెట్టేయొచ్చు.

[దృశ్యం: ఎద్దును మెత్తటి మట్టిలో నడిపించాలి. అడుగుల జాడలు దగ్గరగా.]

తర్వాత నీళ్లకు తోలుకెళ్లేటప్పుడు నడక చూడండి. ముందు కాలు పడిన జాడలోనే, లేదా దాని మీదుగా కాస్త ముందుకు వెనక కాలు పడాలి. బాగా వెనకే పడుతుంటే నడుమో తుంటో పట్టేసి ఉండొచ్చు. ముందు కాలు నొప్పి ఉన్న ఎద్దు ఆ కాలు ఆనినప్పుడు తల పైకెత్తుతుంది, మంచి కాలు మీద దించుతుంది. తల ఊగితే ఏ కాలు ఆనినప్పుడు పైకి లేచిందో గుర్తుపెట్టుకోండి. ముకుతాడు బిగించి పట్టుకుంటే ఈ ఊపు కనబడదు. కొందరు అమ్మేటప్పుడు అట్లా పట్టుకోవడం ఊరికే కాదు. తాడు వదులు చేయించి నడిపించమనండి.

మెడ మీద కాడి ఆనే చోట చర్మం మందంగా కాయకాసి ఉంటే మంచిదే. ఎర్రగా చెమ్మగా పుండు ఉన్నా, ముట్టుకుంటే తల విదిలించే వాపు ఉన్నా ఆ ఎద్దు మొదటి ఊపుకే వెనక్కి తగ్గుతుంది.

పళ్లు చూసేది జత ఏ విభాగంలో లాగాలో తేల్చడానికి. పై దవడ ముందు పళ్లు ఎద్దుకు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు పాలపళ్లు ఊడి మొదటి రెండు శాశ్వత పళ్లు వేస్తుంది, ఐదేళ్ల ప్రాంతానికి ఎనిమిదీ నిండుతాయి. పాలపళ్లు సన్నగా తెల్లగా, తర్వాత వచ్చిన పళ్లు వెడల్పుగా ఉంటాయి. ఒంటి మీద వెంట్రుకల సుళ్ల గురించి పెద్దవాళ్లు చాలా చెబుతారు. కొనుగోలు ధరలో వాటికి విలువ ఉందేమో గానీ అడుగుల లెక్కలో లేదు.

[దృశ్యం: రెండు ఎద్దులూ పక్కపక్కనే, కాడితో. ముందు నుంచి.]

విడివిడిగా రెండూ గొప్పవైనా జత కుదరకపోతే దండగ. కాడి వేశాక ఎదురుగా నిలబడి చూడండి. కాడిమాను ఒక పక్కకు వాలితే ఎత్తులో తేడా ఉంది. ఖాళీ కాడితో పది అడుగులు నడిపిస్తే వలపటిది (కుడి పక్కది) ముందుకు పోతోందా, దాపటిది (ఎడమ పక్కది) వెనకబడుతోందా తెలిసిపోతుంది. ఒకటి ముందు దూకి, ఇంకొకటి తర్వాత లాగితే రెండు బలాలూ ఒకేసారి బండకు అందవు. డప్పు వినగానే చిందులేసే ఎద్దును చూసి జనం ఈలలు వేస్తారు. మాకైతే చెవులు మాత్రం కదిలిస్తూ కుదురుగా నిలబడి, అదిలించగానే రెండూ కలిసి ముందుకు వాలే జత మీదే గురి.

[దృశ్యం: డొక్క కదలిక దగ్గరగా. పక్కన వాచీ.]

చివరిది ఊపిరి. నీడలో కుదురుగా ఉన్న ఎద్దు డొక్క నిమిషానికి ఇరవై ముప్పై సార్లు ఆడుతుంది. ఎండలో ఇంకా పెరుగుతుంది. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి, కాసేపు నడిపించాక మళ్లీ లెక్కపెట్టండి. పెరగడం సహజం, ఎంత త్వరగా దిగుతోందన్నది ముఖ్యం. మూతి చెమ్మగా ఉండాలి. భుజం మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, మడత నిలిచిపోతే ఒంట్లో నీళ్లు తగ్గాయి. నెమరు వేస్తుంటే కుదురుగా ఉందన్నమాట. పేడ నీళ్లలా పోతుంటే ప్రయాణం బడలికో, మేత తేడానో ఉంది.

నేలను బట్టి కూడా లెక్క మారుతుంది. నల్లరేగడి తడిసిందంటే జిగట బండ అడుగున పట్టి బరువు పెంచుతుంది, అక్కడ ఒళ్లున్న జత నయం. గరుసు నేలలో రాళ్లు డెక్కను పరీక్షిస్తాయి.

లాగే వరుస తేల్చే చీటీలో ఏ నంబరు వచ్చిందో కూడా అడగండి. పొద్దున లాగే జతకూ, ఎండ నడినెత్తికి వచ్చే వేళ దాకా ఆగే జతకూ పోలిక లేదు. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎద్దులను లాగుడు పనికి కట్టకూడదు. మన ఏప్రిల్ సంగతి తెలిసిందే. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, సొంగ కారుస్తున్న ఎద్దు ఏ విభాగంలో ఉన్నా ఆ పూటకు లాగదు. దాన్ని నీడకు తెచ్చి ఒంటి మీద నీళ్లు పోయాలి, తాగడానికి కొంచెం కొంచెంగా ఇవ్వాలి, పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి.