2,222వ మనిషి: యువజన కూటంలో చేసిన ప్రసంగం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పాస్టర్ అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకి వందనాలు, తెల్లారి ఐదింటికే లేచి పందిట్లో కుర్చీలు వేసి పొయ్యి మీద గుండిగలు ఎక్కించిన తమ్ముళ్ళకి చెల్లెళ్ళకి ఇంకో వందనం ఎక్కువ. నాకు ఇచ్చిన టాపిక్ 'దేవుని ప్రేమే మన గుర్తింపు' అని కరపత్రంలో వేశారు. దీని మీద మీరు చిన్నప్పట్నుంచీ వింటానే ఉన్నారు, సండే స్కూల్లో 'దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను' అనే యోహాను 3:16 కంఠతా చెప్పి పెన్సిలు బహుమతి తీసుకున్నోళ్ళే ఇక్కడ సగం మంది ఉంటారు, నేనే ఇచ్చుంటా కొంతమందికి. అందుకని ఇవాళ అక్కణ్ణుంచి మొదలుపెట్టను, గుండ్లకమ్మ దగ్గర్నుంచి మొదలుపెడతా.

ఒంగోలు నుంచి మద్దిపాడు వైపు పోతే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంది, మనలో చాలామంది బస్సులో ఆ పక్కగా పోతుంటాం, ఫోన్ చూసుకుంటా దాటిపోతాం. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది, ధాత కరువు అనేవాళ్ళు పాతకాలపు వాళ్ళు. ఆ టైంలో బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే అందులో కొంత భాగం పనిని ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ దొరగారు కాంట్రాక్టుకి తీసుకున్నారు, జనానికి కూలి దొరికి నాలుగు గింజలు నోట్లోకి పోతాయని. పని మధ్యలో సేద తీరేటప్పుడు మన తెలుగు బోధకులు వాళ్ళ పక్కనే కూర్చుని చెప్పిన మాట, 'ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి'. నెత్తి మీద మట్టితట్ట అప్పుడే దించి కూర్చున్న మనిషికి ఆ వాక్యానికి అర్థం వేరే చెప్పాలా?

అప్పుడు చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. దొరగారు ఇవ్వలేదు. ఏడాది పైచిలుకు ఆపేశారు, కరువు సాయం కోసం వస్తున్నారేమో అని ఆయనకీ అనుమానం. తర్వాత సాయం అయిపోయింది, ఇంక వస్తే గింజ కూడా దొరకదని అందరికీ తెలుసు, అయినా వచ్చారు. మాకు సాయం వద్దు, కాలువ తవ్విన చేతులు ఇవిగో బొబ్బలు చూడండి, ఈ పంట కూడా పోతే ఎట్లాగూ చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, అని ఆ మనుషులు అడిగారంట. కాలేజీ హాస్టల్లో మీలో ఎవరినైనా 'మీ తాతలు బియ్యం మూటకి మారారు కదరా' అని ఎగతాళి చేస్తే, కొట్లాడొద్దు, ఈ ముక్క చెప్పండి. మూట ఖాళీ అయ్యాక వచ్చినోళ్ళు మా తాతలు అని చెప్పండి.

1878 జులై 3న ఆ వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు 2,222 మంది. ఇచ్చింది తెలుగు బోధకులే, ఒకళ్ళు అలిసిపోతే ఇంకొకళ్ళు దిగారు నీళ్ళలోకి. ఈ అంకె నేను చిన్నప్పట్నుంచీ వింటున్నా కానీ ఈమధ్యే ఒక విషయం తట్టింది. సుమారు రెండు వేలు అని రాయలేదు ఎవరూ. రెండువేల రెండొందలు అని కూడా ఆపలేదు. ఆ మీద ఇరవై రెండు మందిని కూడా ఎవరో లెక్కపెట్టారు. ఆ సాయంత్రం చివర్న దిగిన మనిషి, రెండువేల రెండొందల ఇరవై రెండో మనిషి, ఆడమనిషో మగమనిషో మనకి తెలీదు, పొద్దున్నుంచీ ఆ గట్టు మీద వరసలో నిలబడి ఉంటది, ఆ మనిషిని కూడా విడిగా చేయి పట్టుకుని దింపి, తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామములో అని ఆ మాటలు మొత్తం మళ్ళీ పలికారు. గుంపుకి కలిపి ఒకేసారి పలికి పంపెయ్యలేదు.

ఎందుకింత చెప్తున్నానంటే వాళ్ళు ఎవరో గుర్తు చేసుకోండి. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు. ఊళ్ళో వాళ్ళని ఎట్లా పిలిచేవాళ్ళు? ఒరేయ్, ఒసేయ్. పేరు అవసరమే లేదు పిలవడానికి. ఉన్న పేర్లు కూడా ఎట్లాంటివి, పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారన్నా బతకాలని బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుని ఆ పేరు పెట్టేవాళ్ళు, దీన్ని ఎవరూ పట్టించుకోరులే అని చావు వదిలేస్తదని. ఆ పేరు పెట్టిన తల్లికి ఆ బిడ్డంటే ప్రాణం, అందుకే పెట్టింది. కానీ ఆసామి నోట్లోకి వచ్చేసరికి ఆ పేరే తిట్టు అయిపోయేది.

మా నానమ్మది అట్లాంటి పేరే. ఏంటో చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. పెళ్ళయి కాపురానికి వచ్చాక బాప్తిస్మం తీసుకుంటే అప్పటి అయ్యగారు ఇంకో పేరు పెట్టారు, మంచి పేరు. కానీ ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలా. రేషన్ కార్డులో పాత పేరు, ఓటరు లిస్టులో పాత పేరు, కూలి పుస్తకంలో పాత పేరు. కొత్త పేరు ఉంది ఒక్క చర్చి రిజిస్టర్లోనే. నానమ్మ పొగాకు ఆకు గుచ్చే పనికి పోయేది, సీజన్లో రోజంతా. ఆ పని తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, పొగాకు జిగురు చేతులకి నల్లగా తారులాగ పట్టుకుంటది, ఎంత రుద్దినా పోదు, ఆ చేత్తో అన్నం తింటే ముద్ద చేదు. నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు, ప్రభురాత్రి భోజనం రోజున ఆవిడ పక్కన కూర్చున్నా, రొట్టె తీసుకునే టైంకి ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. నల్లగా ఉన్నాయని సిగ్గు. అయ్యగారు ముందుకి వచ్చి ఆగారు, ఆ కొత్త పేరుతో పిలిచి, అమ్మా చెయ్యి పట్టు అన్నారు. అంతే. ఆవిడ చెయ్యి చాపింది. ఆ నల్లటి అరిచేతిలో తెల్లటి రొట్టె ముక్క, చిన్నది, నా గోరంత ఉంటుందేమో, నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది.

ఇంటికి వస్తూ దారిలో అడిగా, నానమ్మా నిన్ను ఆ పేరుతో ఎందుకు పిలిచారు అని. 'అదే కదే నా పేరు' అంది. అట్లా అన్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, గొప్ప లేదు, మామూలుగా అంది, ఇవాళ ఆదివారం అన్నంత మామూలుగా. వారంలో ఆరు రోజులు ఎవరు ఏ పేరుతో పిలిచినా పలికేది, పని చేసేది, లోపల మాత్రం తన పేరు ఏంటో తనకి తెలుసు. నాకు తెలిసి దేవుని ప్రేమ మన గుర్తింపు అవ్వటం అంటే ఇదే, నాకు వేరే డెఫినిషన్ రాదు. యెషయా 43లో 'పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు' అని ఉంది కదా, చదువు రాని మా నానమ్మకి ఆ మాట చెవిలో పడింది, పడ్డది పడ్డట్టు నమ్మింది.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి, చెప్పకుండా దాటేస్తే మీ జీవితం వదిలేసి మాట్లాడినట్టు అవుద్ది. మీలో చాలామందికి కూడా రెండు పేర్లు ఉన్నాయి. సర్టిఫికెట్లో ఒకటి, చర్చిలో ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడు అయితే ఎస్సీ కింద లెక్క కాదు, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు కానీ మనకి ఇవ్వలా, మన రాష్ట్రంలో బీసీ-సీ అన్నారు. పల్లెలో వివక్ష మాత్రం బాప్తిస్మం చూసి ఆగదు, అది అందరికీ తెలుసు. అందుకని అమ్మానాన్న రిజర్వేషన్ పోతుందని భయపడి రెండు పేర్లు పెడతారు, ఆ పిల్లలు కాలేజీలో బైబిలు బ్యాగులో అడుగున పెట్టుకుంటారు, తర్వాత రాత్రిళ్ళు నేను దేవుణ్ణి దాచేశానా అని ఏడుస్తారు. నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఆ చట్టం న్యాయమా అంటే నేను న్యాయం కాదనే అంటా. కానీ ఆ ఏడ్చే తమ్ముడికి, చెల్లికి ఒకటి చెప్పాలి. ఆయన నీ సర్టిఫికెట్ చూసి నిన్ను ప్రేమించలేదు అమ్మా. నువ్వు భయపడిన రోజున కూడా నీ పేరు ఆయన దగ్గర ఉంది. ప్రభువు శిష్యుడు పేతురు మంట దగ్గర చలి కాచుకుంటా ఆయన్ని నేనెరుగను అన్నాడు, మూడుసార్లు. ఆ పేతురుని మళ్ళీ పిలిచేటప్పుడు ప్రభువు ఏమని పిలిచాడు, 'యోహాను కుమారుడవైన సీమోనూ' అని తండ్రి పేరుతో సహా పిలిచాడు. అడిగింది కూడా ఒకటే, నన్ను ప్రేమిస్తున్నావా అని.

ఇంకోటి, ఇది మన సంఘాల గురించి, పెద్దలు ఏమీ అనుకోవద్దు. సాక్ష్యాల టైంలో మనం ఎక్కువగా వినేది ఏంటి, దేవుడు నన్ను ప్రేమించి ఉద్యోగం ఇచ్చాడు, దేవుడు నన్ను ప్రేమించి అమెరికా వీసా ఇచ్చాడు. కృతజ్ఞత చెప్పడం మంచిదే, చెప్పాలి. కానీ వెనక బెంచీలో కూర్చున్నవాడికి ఏం వినపడుతుందో ఆలోచించారా? నేను డీఎస్సీ రాసి కొద్ది మార్కుల్లో పోగొట్టుకున్న ఏడాది దాదాపు నాలుగు నెలలు చర్చికి పోలేదు. దేవుడి మీద కోపం కాదు, ఆ సాక్ష్యాలు వినలేక. అందర్నీ ప్రేమించి నన్నొక్కదాన్నే వదిలేశాడు అనిపించేది. అమ్మ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు మంచం పక్కన పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. రిజల్ట్ రాకముందు ఎట్లా పెట్టిందో అట్లాగే. ఒకరోజు ఆ గ్లాసు చూస్తుంటే ఏడుపొచ్చేసింది, అమ్మ ప్రేమ నా మార్కులతో ఏమీ మారలేదు, మరి ఆయన ప్రేమ మారింది అని నాకు ఎవరు చెప్పారు అని.

మత్తయి 3వ అధ్యాయం తీసి చూడండి. యొర్దానులోనుంచి ప్రభువు పైకి వచ్చాక ఆకాశం నుంచి శబ్దం వచ్చింది, 'ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను'. అప్పటికి ఆయన ఒక్క రోగిని బాగుచేసినట్టు ఆ సువార్తలో లేదు, ఒక్క ప్రసంగం లేదు. నజరేతులో చెక్కపని చేసుకున్న ముప్పై ఏళ్ళ మనిషి. తండ్రి ఆనందిస్తున్నానని ముందే చెప్పేశాడు, పని తర్వాత మొదలైంది. మనం తిరగేసి పట్టుకున్నాం, పని బాగా చేస్తే ఆనందిస్తాడు అని. అందుకే ఉపవాసం ఉన్న వారం ధైర్యంగా ఉంటాం, ప్రార్థన తప్పిన వారం దొంగల్లాగ తిరుగుతాం. మీరు ఉద్యోగానికి ట్రయల్ మీద ఉన్నవాళ్ళు కాదు, ఇంటి పిల్లలు. ఇంటి పిల్లలకి కూడా చీవాట్లు పడతాయి, పడాలి కూడా, కానీ చీవాట్లు పడ్డ రోజున పళ్ళెం తీసెయ్యరు కదా.

సరే, మరి రోజువారీ బతుకులో ఇది ఎక్కడ కనపడుతుంది? బిషప్ అజరయ్య గారి పేరు వినే ఉంటారు, తమిళనాడులో పుట్టి దోర్నకల్‌కి వచ్చి తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగినవాడు, 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. దానికి రెండేళ్ళ ముందు 1910లో ఎడిన్‌బర్గ్‌లో పెద్ద మిషనరీ మహాసభ జరిగితే, ఆ దొరలందరి ముందూ నిలబడి, మీరు బీదలకి ఆస్తులు ఇచ్చారు, మీ శరీరాలు ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ఎంత ధైర్యం చూడండి. బడి కట్టారు, ఆసుపత్రి కట్టారు, కానీ మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చెయ్యట్లేదు అని వాళ్ళ మొహం మీదే చెప్పాడు.

ఆ మాట ఇవాళ మనకి తగలదా? మనం కూడా క్రిస్మస్‌కి దుప్పట్లు పంచుతాం, ఫోటో దిగుతాం. ఆ దుప్పటి తీసుకున్న అవ్వ పేరు మనలో ఎంతమందికి తెలుసు? మన చర్చిలోనే మాల వీధి వాళ్ళు ఒక పక్క, మాదిగ వీధి వాళ్ళు ఒక పక్క కూర్చోవడం చూసి నాకు గొంతు పట్టేస్తుంది, ప్రభురాత్రి భోజనంలో ఒకే గిన్నెలో తాగి బయటికొచ్చి వియ్యం దగ్గర వేరు అంటాం. నేను పనిచేసే బడిలో ఒక ఆయా ఉంది, రెండేళ్ళు నేనూ ఆవిడని అందరిలాగే 'ఆయా' అనే పిలిచా. నానమ్మ మనవరాలినై ఉండి! ఒకరోజు సిగ్గేసి పేరు అడిగా. ఆవిడ చీపురు ఆపి, ఎందుకమ్మా, నేనేమన్నా తప్పు చేశానా అంది. పేరు అడిగితే తప్పు చేశాననుకుంది, అంటే ఆవిడని పేరు పెట్టి పిలిచింది తిట్టడానికే అన్నమాట ఇన్నాళ్ళూ. ఇప్పుడు పిల్లలు కూడా ఆవిడ పేరుకి అక్క కలిపి పిలుస్తారు, ఆ పేరు కూడా నేను ఇక్కడ చెప్పను, మా బడికి వచ్చి ఆవిణ్ణే అడగండి, చెప్తది.

నాకిచ్చిన టైం అయిపోయిందని అయ్యగారు చూస్తున్నారు. ఒక్క చిన్న విషయం. పొద్దున అయ్యగారిని అడిగి చర్చి పాత రిజిస్టరు బయటికి తీయించా, ఆ స్టేజి పక్కన బల్ల మీద తెల్లగుడ్డ కింద ఉంది. అందులో మీ తాతల పేర్లు, నానమ్మల, అమ్మమ్మల పేర్లు ఉన్నాయి, కొన్ని మీరు ఎప్పుడూ విని ఉండరు. భోజనాలయ్యాక వెతుక్కోండి. పేజీలు పాతబడి అంచులు విరిగిపోతున్నాయి, చేతులు కడుక్కుని తుడుచుకుని ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పండి, మా నానమ్మ ఉన్న పేజీలో చింతాకు పెట్టా గుర్తుకి, అది మాత్రం తియ్యకండి.