బేన్ మేరీ పొయ్యి కాదండీ: కర్రీ పాయింట్‌లో వేడి నిలబెట్టే పద్ధతి

నమస్కారం అండీ. టైము పదిన్నర అయింది. ఇది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా కర్రీ పాయింట్. షట్టర్ ఇంకా సగమే ఎత్తాం. పదకొండున్నరకి క్యారేజీలు రావడం మొదలవుతుంది కాబట్టి ఈలోపు వీడియో అయిపోవాలి. కెమెరా పట్టుకున్నది మా అబ్బాయి. మధ్యమధ్యలో వాడిని కసురుకుంటాను, మీరు పట్టించుకోకండి.

కొత్తగా షాపు పెట్టేవాళ్ళు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఒకటే. "అక్కా, బేన్ మేరీ ఎంతలో తీసుకోమంటావు?" ఎంతలో అన్నది పక్కన పెట్టండి. బేన్ మేరీ అంటే ఇదిగో, కింద వేడినీళ్ళ తొట్టి, పైన కూరల పాన్లు దిగే ఈ కౌంటర్. అసలు అది ఏం చేస్తుందో, ఏం చెయ్యదో ముందు చూపిస్తాను.

నానీ, ఇలా రా. ఈ రెండు పాన్లూ దగ్గరగా చూపించు. రెండింటిలోనూ టమాటా పప్పే. ఎడమ వైపుది ఇప్పుడే పొయ్యి మీద నుంచి దింపి పోశాను. కుడి వైపుది ఈ వీడియో కోసమని చల్లారబెట్టిన పప్పు. సరిగ్గా గంట కిందట ఇందులో పెట్టాను. కింద నీళ్ళు రెండింటికీ ఒకటే, 85 డిగ్రీలున్నాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి కదా? ఇప్పుడు థర్మామీటర్ సూది గుచ్చుతున్నాను. ఎడమది, ఆగండి, 79. ఇక కుడిది. అంచు దగ్గర 66. నడిమధ్యలో 51. గంట గడిచినా 51 దాటలేదు.

ఈ ఒక్క ముక్క కోసమే ఈ వీడియో తీస్తున్నాను. బేన్ మేరీ వేడి చేసే మెషీన్ కాదు. వేడిగా పెట్టినదాన్ని వేడిగానే నిలబెట్టి ఉంచేది. అన్నం వండే పని, కూర వెచ్చబెట్టే పని దానికి అప్పగిస్తే అది చెయ్యదు, కానీ చేస్తున్నట్టే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

నేనూ మొదట్లో ఇదే తప్పు చేశాను. రాత్రి మిగిలిన చికెన్ కూర ఫ్రిజ్‌లోంచి తీసి, పొద్దున తొమ్మిదికి నేరుగా ఇందులో పెట్టేసేదాన్ని. మధ్యాహ్నానికి వేడెక్కుతుందిలే, గ్యాస్ కలిసొస్తుంది కదా అని లెక్క. ఒకరోజు రోజూ వచ్చే పెద్దాయన పొట్లం వెనక్కి తెచ్చి, "అమ్మా, పైన కాలుతోంది, లోపల చల్లగా ఉంది" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు, అది నా అదృష్టం.

ఎందుకు అదృష్టం అంటున్నానంటే, 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న వేడి బాక్టీరియా పెరగడానికి అనువైనది. మాంసం కూరల్లో క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అని ఒకటి ఉంటుంది. పేరు నోరు తిరగదు, వదిలేయండి. పెద్ద గిన్నెడు కూర మెల్లగా చల్లారుతున్నా, మెల్లగా వేడెక్కుతున్నా దానికి పండగే. 45 డిగ్రీల దగ్గర పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. అన్నంలో పెరిగేది ఇంకొకటి, బాసిల్లస్ సీరియస్. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం తర్వాత ఎంత వేడి చేసినా పోదు. అందుకే అన్నం నేను బేన్ మేరీలో పెట్టను. వండగానే మూత గట్టిగా పట్టే ఇన్సులేటెడ్ డబ్బాలోకి పొగలు కక్కుతుండగానే సర్దేస్తాను.

ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాళ్ళ కేటరింగ్ తనిఖీ పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. వేడిగా వడ్డించే శాకాహారం 65 డిగ్రీల దగ్గర, మాంసాహారం 70 దగ్గర ఉంచాలి. మళ్ళీ వేడి చేస్తే నడిమధ్యలో 75 డిగ్రీలు రావాలి, రెండు నిమిషాలు అక్కడే ఉండాలి. ఆ పని బేన్ మేరీలో గానీ, దీపాల కింద గానీ, వేడినీళ్ళు కలిపి గానీ చెయ్యకూడదని కూడా అందులోనే రాసుంది. అంటే పొయ్యి మీదే చెయ్యాలి. పొయ్యి మీద తుకతుకలాడించి, తర్వాత ఇందులో పోయండి.

ఆ పేరేంటని మా నాని ఎప్పుడూ అడుగుతుంటాడు. ఫ్రెంచ్‌లో మేరీ గారి స్నానం అని అర్థమట. పూర్వం అలెగ్జాండ్రియాలో మేరియా అనే రసవాది ఉండేదని, ఆవిడ పేరు మీదే వచ్చిందని అంటారు. మన కౌంటర్లో పప్పు రోజూ స్నానం చేస్తోందన్నమాట.

సరే, పనిలోకి వద్దాం. ముందు థర్మామీటర్. సూది ఉన్న డిజిటల్‌ది కొనండి, పెద్ద ఖరీదేం కాదు. అది నిజం చెబుతోందో లేదో చూడటం తేలిక. గిన్నెలో నీళ్ళు బాగా మరగనిచ్చి సూది ముంచండి. మనం సముద్రం ఒడ్డునే ఉన్నాం కాబట్టి 100 చూపించాలి. ఒకటి అటూ ఇటూ అయితే పరవాలేదు. అరకులో షాపు పెట్టినవాళ్ళు మాత్రం కంగారుపడి పారేయకండి, అక్కడి ఎత్తుకి నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. కౌంటర్ ముందు ఎర్రగా వెలిగే అంకె చూసి మురిసిపోకండి. అది నీళ్ళ వేడి. కూర వేడి వేరు.

రెండోది నీళ్ళు. ఈ తొట్టిలో 20 లీటర్లు పడతాయి. హీటర్ 2 కిలోవాట్లది. కుళాయి నీళ్ళు పోసి స్విచ్ వేస్తే 85 డిగ్రీలు రావడానికి లెక్క ప్రకారమే 40 నిమిషాలు పడుతుంది. ఆవిరయ్యేది, చుట్టూ పోయేది కలుపుకుంటే ముప్పావుగంట. అందుకని నేను పక్క పొయ్యి మీద నీళ్ళు కాచి, వేడివి పోస్తాను. ఎక్కడి దాకా పోయాలంటే పాన్ అడుగు నీళ్ళను తాకాలి. మరీ నిండుగా పోస్తే పాన్ దించగానే పొర్లి కాళ్ళ మీద పడతాయి. కొన్ని మోడళ్ళలో పాన్ నీళ్ళలో మునగదు, కేవలం ఆవిరే తగులుతుంది. వాటికి లోపల గీత ఉంటుంది, అక్కడి దాకా చాలు.

నీళ్ళు లేకుండా మాత్రం స్విచ్ వెయ్యకండి, దండం పెడతాను. మా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకరోజు వేసేశాడు. నీళ్ళు తెద్దామని వెళ్ళి ఫోన్లో పడ్డాడు. తిరిగొచ్చేసరికి హీటర్ పోయింది. ఇప్పుడు తొట్టి పక్కన పెద్ద అక్షరాలతో "ముందు నీళ్ళు" అని రాసి అంటించాం. నానీ, అది చూపించు. వాడి చేతిరాతే, క్షమించండి.

పాన్ల సంగతి. బయట కొత్తగా చేయించుకునేటప్పుడు షీట్ మెటల్ పని చేసేవాళ్ళు తమకి వీలైన కొలతలో చేసేస్తారు. తర్వాత పాన్ సొట్టపోతే దానికి సరిపడేది ఎక్కడా దొరకదు. జీఎన్ కొలతే అడగండి, అంటే గ్యాస్ట్రోనార్మ్ అనే స్టాండర్డ్ కొలత. ఫుల్ సైజు 530 మిల్లీమీటర్ల పొడవు, 325 వెడల్పు. దాంట్లో సగం, మూడో వంతు పాన్లు ఏ కంపెనీవైనా ఇందులో దిగుతాయి. లోతు విషయంలో నా మాట వినండి. 150 మిల్లీమీటర్ల లోతు పాన్‌లో ఎక్కువ కూర పడుతుంది నిజమే, నడుమ మాత్రం చల్లబడుతుంది. 100 లోతువే కొనండి. కొంచెం కొంచెం పోసి, అయిపోగానే పొయ్యి మీద ఉన్న పెద్ద గిన్నెలోంచి మళ్ళీ నింపుకోండి. పాత కూర మీద కొత్తది పోయకుండా పాన్ మార్చేస్తే ఇంకా మంచిది.

స్టీలు. వైజాగ్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ చెవులు రిక్కించండి. మన గాలిలో ఉప్పుంది, పైగా చింతపండు, ఉప్పు కలిసిన పులుసులు రోజంతా ఇందులో ఉంటాయి. చవకగా దొరికే 202 గ్రేడ్ మొదటి వానాకాలం దాటేసరికి చిన్నచిన్న చుక్కలుగా తుప్పు పట్టి, ఆ చుక్కలు గుంటలవుతాయి. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అది నిలబడుతుంది. అయస్కాంతం పెట్టి చూసి "అంటుకోలేదు కదా, 304యే" అంటారు అమ్మేవాళ్ళు. నన్నూ అలాగే నమ్మించారు. 202 కూడా అంటుకోదండీ! బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. స్టీలు కొట్లలో చుక్క మందు వేసి, చిన్న బ్యాటరీ తగిలించి రంగు చూసే పరీక్ష ఉంటుంది, కొనేముందు చేయించండి. కడిగేటప్పుడు బ్లీచింగ్, ఇనుప పీచు రెండూ వద్దు. ఎంత మంచి స్టీలునైనా అవి పాడుచేస్తాయి.

కరెంటు గురించి రెండు మాటలే. 2 కిలోవాట్లంటే దాదాపు 9 యాంపులు. మామూలు 6 యాంపుల ప్లగ్గులో పెడితే ప్లగ్గు కరుగుతుంది. 16 యాంపుల పవర్ ప్లగ్గు, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. నీళ్ళూ కరెంటూ స్టీలూ ఒకే చోట ఉన్నప్పుడు ఇక్కడ పిసినారితనం పనికిరాదు. కరెంటు పోతే మూతలన్నీ వేసి టైము రాసుకుంటాను, అరగంటకోసారి సూది గుచ్చి చూస్తాను. శాకాహారం 65 కంటే, మాంసాహారం 70 కంటే కిందికి జారుతుందనిపిస్తే కూర గ్యాస్ పొయ్యి మీదకి వెళ్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు కదా, అప్పటి నుంచి మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఒకటి ఎప్పుడూ అదనంగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది. నానీ, పైకి తిప్పు. ఫ్యాను! కౌంటర్ మీదే తిరుగుతోంది. ఇటు రోడ్డు వైపు నుంచి మధ్యాహ్నం సముద్రం గాలి. మనకి హాయిగా ఉంటుంది, మూత తీసిన కూరకి మాత్రం పైపొర చల్లబడుతుంది, తొరక కడుతుంది. ఫ్యాను మా మీదకి తిరిగేలా పక్కకి జరిపించాను. రోడ్డు వైపు అద్దం పెట్టించాను. మూతలు వడ్డించినప్పుడే తీస్తాం. కూరలు కనిపించాలి కదా అంటారా? అద్దం మూతలు దొరుకుతాయి.

గరిటె మాటకొస్తే పప్పు, సాంబారు, చికెన్ కూర పావుగంటకోసారి అడుగు నుంచి కలపాలి. చేపల పులుసుకి మాత్రం గరిటె పెట్టను, ముక్క విరిగిపోతుంది. పాన్‌నే రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపుతాను. మా అత్తగారు మట్టిదాకని ఊపినట్టే. పాన్ కాలుతుంది, గుడ్డ పట్టుకోండి.

వేపుళ్ళు దీంట్లో పెట్టకండి. బెండకాయ వేపుడు తడి ఆవిరి మీద, మూత కింద అరగంట ఉంటే బెండకాయ కూరే అవుతుంది. వాటికి పొడి వేడి కావాలి. అదిగో ఆ అద్దాల పెట్టె, హాట్ కేస్. పఫ్‌లు, సమోసాలు కూడా అందులోనే. దాని అడుగున చిన్న నీళ్ళ ట్రే ఉంటుంది, చూశారా? అమ్మిన అతను నింపమన్నాడు. బన్నులు పెట్టేవాళ్ళకి అది మంచిదే, ఎండిపోవు. పఫ్‌లకి మాత్రం మన ఊళ్ళో నింపకండి. గాలిలో తేమే చాలు, దానికి ట్రే నీళ్ళు కూడా తోడైతే పఫ్ పొరలు తోలులాగా సాగుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వేడిగా తెప్పించుకున్నవే పెట్టండి, చికెన్ పఫ్‌కి సూది గుచ్చి 70 ఉందో లేదో చూడండి. పసుపు రంగు బల్బు వెలుగుతోంది కదా అని వేడిగా ఉందనుకోకండి. కొన్నింట్లో ఆ బల్బు అందానికే.

బజ్జీలు ఏ పెట్టెలోనూ నిలవవు. ఆర్కే బీచ్‌లో మిరపకాయ బజ్జీల బండి మీద హాట్ కేస్ ఎప్పుడైనా చూశారా? అడిగినప్పుడు వాయి వేస్తారు. మేమూ అంతే.

పెరుగు పచ్చడి, కొబ్బరి చట్నీ ఈ దరిదాపులకే రాకూడదు. కౌంటర్లో చోటుంది కదా అని పక్క పాన్‌లో పెడుతుంటారు. వాటి చోటు ఫ్రిజ్.

ఇది నిన్న రాత్రి తీసిన క్లిప్. స్విచ్ ఆపి, నీళ్ళు చల్లారాక కింద ఉన్న కుళాయి తిప్పి మొత్తం వదిలేస్తున్నాం. నీళ్ళు మర్నాటికి ఉంచకండి. హీటర్ మీద ఈ తెల్లటి పొర చూడండి, బోరు నీళ్ళ సున్నం. ఇది మందమైతే వేడి నీళ్ళకి అందదు, హీటర్ లోలోపల కాలిపోతుంది. పదిహేను రోజులకోసారి గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి, హీటర్ మునిగేలా పోసి గంట ఉంచితే పొర దానంతటదే ఊడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకకండి.

అదిగో, మొదటి క్యారేజీ వచ్చేసింది. పదకొండు ఇరవైకే వచ్చారు. నానీ, కెమెరా అక్కడ పెట్టు. ఆ కుడి వైపు పప్పు తీసి లోపల పెట్టు ముందు, అది అమ్మేది కాదు. రండి బాబాయ్, ఏం కట్టమంటారు?