తోలు మీద చివరి గీత

శ్రోతలకు నమస్కారం.

తోలు మీద పూలు, లతలు చెక్కే పనిని నేను ఏ గురువు దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పుస్తకాలలోని నమూనాలను పలుచని కాగితం మీదికి ఎత్తుకుని, తడిపిన తోలు మీద దించుకుని, పాడైన ముక్కల మీద పాడైన ముక్కలు పోగు చేస్తూ నేర్చుకున్నాను. ఇలా సొంతంగా నేర్చుకున్న వారిని ఏదో ఒకనాడు ఒక ప్రశ్న పట్టుకుంటుంది. పని శుభ్రంగానే వస్తోంది, కానీ ఇందులో నాది ఏది? నాకు ఆ జవాబు చివరి గీతలలో దొరికింది. చివరి గీతలంటే ఏమిటో తెలియాలంటే ముందు పని క్రమాన్ని క్లుప్తంగానైనా చెప్పుకోవాలి.

చెక్కడానికి చెట్ల బెరడుతోనో కాయలతోనో పదును చేసిన తోలే కావాలి. మన ప్రాంతాలలో పూర్వం తంగేడు చెక్కతోనూ, కరక్కాయతోనూ తోళ్లను పదును చేసేవారు. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని తంగేడు పువ్వు పూసే చెట్టే అది. క్రోమియంతో శుద్ధి చేసిన తోలు మెత్తగా ఉంటుంది గానీ, దాని మీద కొట్టిన ముద్ర నిలవదు. బెరడు తోలును తడిపి, పై రంగు ఇంచుమించు పొడి రంగుకు తిరిగి వచ్చేదాకా ఆగి, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతున్నప్పుడే కత్తి పెట్టాలి. స్వివెల్ కత్తి అని పిలిచే ఆ పనిముట్టు తలమీద చూపుడు వేలు ఆనుతుంది, మిగిలిన వేళ్లు పిడిని తిప్పుతాయి, మొన తోలు మందంలో సగానికి మించకుండా దిగుతుంది. ఆ తరువాత గీత వెంట బెవెలర్ అనే ముద్రను పెట్టి సుత్తితో కొడుతూ పోతే, ఒక అంచు అణిగి రెండో అంచు పైకి లేచినట్టు కనబడుతుంది. మన నిమ్మలకుంట తోలుబొమ్మలలో నగలన్నీ చిల్లులే, దీపం వెలుగు వాటి గుండా వచ్చి హారమై మెరుస్తుంది. ఈ చెక్కడంలో వెలుగు తోలును దాటదు, గీత పక్కన పడే నీడే పువ్వవుతుంది.

ఇంతవరకు చేయి నమూనా చెప్పినట్టు వింటుంది. ముద్రలన్నీ కొట్టడం అయ్యాక, మళ్లీ కత్తి పట్టుకుని రేకుల మీద, ఆకుల మీద, మొదట లోతుగా దిగి పోను పోను సన్నబడి మాయమయ్యే గీతలు గీస్తారు. ఆ గీతలను నమూనా లేకుండా చేతి అలవాటుతోనే గీయాలి, గీశాక చెరపడానికి వీలుండదు. నేను చివరి గీతలంటున్నది వీటినే.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో షెరిడన్ అనే ఊరుంది. 1923లో పుట్టి 2007లో మరణించిన డాన్ కింగ్ అనే జీనుల పనివారు ఆ ఊరిలోనే ఉండి, చిన్న చిన్న అడవి గులాబీల చుట్టూ తీగను గుండ్రంగా తిప్పి, ఆ తీగ తెగకుండానే పక్క చుట్టులోకి పోయేలా ఇరుకుగా అల్లే పద్ధతికి పేరు తెచ్చారు. 1991లో ఆయనకు సంప్రదాయ కళాకారులకు ఆ దేశం ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది, ఆ పద్ధతికి ఊరి పేరే నిలిచిపోయింది. నేను మూడేళ్లపాటు ఆ చుట్లనే దించాను, ఇప్పటికీ వాటిని చూస్తే చేయి ఆగదు. అయితే నా బెల్టులన్నీ చూడడానికి బాగున్నా, అవి ఎవరు చేశారో చెప్పడానికి వాటిలో ఏ గుర్తూ ఉండేది కాదు.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం, తోలు ఆరక పని ఆగిపోయినప్పుడు, పాత ముక్కల పెట్టెను నేల మీద బోర్లించాను. వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి కనిపించింది. ప్రతి ముక్కలోనూ గులాబీ రేకుల మీది చివరి గీతలు ఎడమవైపుకు ఒరిగి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, అన్నీ. కారణం నా బల్లే. అది గోడకు ఆనుకుని ఉండేది. పొడవాటి బెల్టును దాని మీద నాలుగు వైపులా తిప్పుకునే చోటు లేక, తోలును తిప్పవలసిన చోట నా మణికట్టును తిప్పేవాడిని, గీత పక్కకు జారేది. అది లోపమని నాకు తెలుసు. ఏడాదిగా దాన్ని దిద్దుకోవడానికే తంటాలు పడుతున్నాను. కానీ అన్ని ముక్కలనూ ఒక్కసారిగా చూసినప్పుడు, ఆ ఒరుగు ఎక్కడో చూసినట్టే అనిపించింది. పెరట్లో నందివర్ధనం ఉంది. ఒంటిరెక్క నందివర్ధనం. అడవి గులాబీకి లాగే దానికీ ఐదు రేకులే, కానీ ప్రతి రేకూ ఒకే వైపుకు మెలితిరిగి, పువ్వు మొత్తం గాలికి తిరిగే రంగుల చక్రంలా ఉంటుంది. నా చేయి మూడేళ్లుగా గులాబీ మీద నందివర్ధనం గీతలు గీస్తోంది.

ఆ సాయంత్రమే పూలు కోసుకు వచ్చి, కాగితం మీద వేసుకుని, మరునాడు బెల్టు ముక్క మీద చెక్కాను. మొదటి నాలుగు పూలు చెడిపోయాయి, ఎందుకంటే ఈసారి కావాలని ఒరిగించాను, గీతలు బిగుసుకుపోయాయి. ఐదోది నిలిచింది. తీగ మాత్రం ఇప్పటికీ షెరిడన్ తీగే, గుండ్రంగానే తిరుగుతుంది. దాన్ని వదిలే ఉద్దేశం నాకు లేదు. నందివర్ధనం చెక్కిన ప్రతివారికీ శైలి వచ్చేస్తుందని నేను అనడం లేదు. ఆ పువ్వు నా మణికట్టుకు సరిపోయింది, అంతే. మీ మణికట్టు మరో చోటికి జారుతుంది. బహుశా మీరు దాన్ని కూడా లోపమనే అనుకుంటూ ఉంటారు.

కాబట్టి ఈ పని చేస్తున్న శ్రోతలకు ఒక్క మాట చెబుతాను. చెడిపోయిన ముక్కను పారవేయవద్దు. వెనుకవైపు తేదీ వేయండి, ఒక పెట్టెలో పడేయండి. వారానికి ఒకసారి అరచేతి అంత ముక్క మీద, ముద్రలేవీ లేకుండా, ఒకే పువ్వును ఒక్క కత్తితో గీయండి. అంతకుముందు లోహానికి మెరుగుపెట్టే ముద్ద పూసిన తోలు పట్టీ మీద కత్తిని పదిసార్లు రాయండి, మొద్దు కత్తి లాగిన గీతలో మీ చేయి కనబడదు. మూడు నెలలయ్యాక ఆ ముక్కలను పగటి వెలుగులో, కిటికీ పక్కన, వెలుగు ఏటవాలుగా పడేలా పేర్చుకోండి. వాటిలో అందమైనది ఏదని వెతకవద్దు. అన్నింటిలోనూ మళ్లీ మళ్లీ వస్తున్న గీత ఏదో చూసి, దాని పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకోండి, మరుసటి ముక్కను ఆ చుక్క దగ్గర నుంచే మొదలుపెట్టండి. నమస్కారం.