"జీరో క్లాష్" అని చూపించే మోడల్‌ని నేను నమ్మను!

"క్లాష్‌లు జీరో సార్" అనగానే మీటింగ్ రూమ్‌లో అందరి మొహాలూ వెలిగిపోతాయి, చూశారా? నేను చూశాను. అందుకే చెప్తున్నా, రాసి పెట్టుకోండి: భూమి కింద పైపుల మోడల్లో క్లాష్‌లు సున్నా వచ్చాయంటే, అందులో మ్యాన్‌హోల్ ఫ్యామిలీ అబద్ధం చెప్తోంది! క్లాష్ అంటే 3డీ మోడల్లో ఒక వస్తువు ఇంకోదాన్లోకి దూరడం. ఫ్యామిలీ అంటే రెవిట్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వస్తువుని మళ్లీ మళ్లీ వాడుకునే అచ్చు.

పోయిన వీడియోలో "ఫ్రీగా దొరికే ఫ్యామిలీలు లోడ్ చేయకండి, సొంతంగా కట్టుకోండి" అన్నా. చాలామందికి కోపం వచ్చింది. టైమ్ ఎక్కడుంది అన్నా, అదీ గుండ్రంగానే ఉంది, ఇదీ గుండ్రంగానే ఉంది కదా అన్నారు. సరే, ఒక్క మ్యాన్‌హోల్ తీసుకుందాం.

మన సీపీహెచ్ఈఈఓ, అంటే తాగునీరు, మురుగునీటి పనులు చూసే కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థ, దాని మాన్యువల్ ఏం చెప్తుంది? గుండ్రటి మ్యాన్‌హోల్ లోతు 1.65 మీటర్ల దాకా అయితే లోపలి డయామీటర్ 900 మిల్లీమీటర్లు. 2.3 మీటర్ల దాకా 1200. అది దాటితే, 9 మీటర్ల దాకా 1500. లోతు పెరిగేకొద్దీ మ్యాన్‌హోల్ లావెక్కుతుంది! ఈ ముక్క ఆ ఫ్రీ ఫ్యామిలీకి తెలుసా? తెలీదు. దాన్ని కిందికి లాగితే సాగుతుంది, అంతే.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో 3.2 మీటర్ల లోతున్న మ్యాన్‌హోల్, మోడల్లో 900 డయామీటర్‌తో కూర్చుంది. పక్కనే తాగునీటి పైపు. గోడకీ పైపుకీ మధ్య 250 మిల్లీమీటర్ల సందు. రిపోర్ట్ శుభ్రం! కానీ అక్కడ కట్టాల్సింది 1500. అంటే ఒక్కో పక్క 300 పెరగాలి. 250 సందులో 300 ఎట్లా పడుతుందండీ? పైపు గోడలోకి 50 దూరిపోయింది. ఆ సంగతి జేసీబీ దిగాక తెలిసింది. తాగునీటి పైపు పక్కన మురుగు మ్యాన్‌హోల్... ఇది చిన్న విషయమా?

మరి ఎలా కట్టాలి? రెవిట్‌లో రెండు రిఫరెన్స్ ప్లేన్లు, అంటే కొలతలకి ఆధారంగా ఉండే గీతలు, వేయండి. పైది మూత లెవెల్, కిందిది ఇన్వర్ట్, అంటే పైపు లోపలి అడుగు. మూత రోడ్డు మాట వింటుంది, ఇన్వర్ట్ పైపు వాలు మాట వింటుంది. ఈ రెండిటి తేడానే లోతు. దాన్ని చేత్తో టైప్ చేసే పెట్టె అసలు ఉంచకండి, ఫార్ములాతో కట్టేయండి! ఆ లోతు మీద ఇఫ్ కండిషన్‌తో డయామీటర్ రాయండి. ఒక్కటి గుర్తుంచుకోండి: రెవిట్ ఫార్ములాలో "తక్కువ లేదా సమానం" గుర్తు లేదు. "1650 కన్నా ఎక్కువ కాకపోతే" అని "నాట్" (not) ఫంక్షన్ పెట్టి తిప్పి రాయాలి. ఆ తర్వాత లోతు 1.6, 1.7, 2.4, 5 ఇచ్చి చూడండి. ఎక్కడ విరిగిందో అక్కడే తెలిసిపోతుంది. మొదటిసారి కట్టినప్పుడు నాకు ఒక పూట పట్టింది. ఆ పూట లేదనే కదా మీ కోపం?

ఇప్పుడు నా అసలు థియరీ. సైజు సరిచేసినా మోడల్ ఇంకా అబద్ధమే చెప్తుంది, ఎందుకంటే పాత పైపు ఎక్కడుందో మనకి ఖాయంగా తెలీదు! పాత బస్తీ గల్లీల్లో తవ్వకం చూసినవాళ్లకి ఎరుకే. డ్రాయింగ్ పక్కన పెట్టి, ముప్పై ఏళ్లుగా ఆ ఏరియాలో వాల్వ్‌లు తిప్పే పెద్దాయన్ని పిలుస్తారు. ఆయన గడ్డపారతో రోడ్డు మీద రెండు దెబ్బలు కొట్టి "ఈడ తవ్వు" అంటాడు. పైపు ఆడనే ఉంటది! ఆయనకున్న ఎరుక మన మోడల్లో ఏ పారామీటర్‌లో ఉంది?

అమెరికా వాళ్ల ఏఎస్‌సీఈ 38 స్టాండర్డ్‌లో దీనికి నాలుగు మెట్లున్నాయి. కాగితం మీద చూసిందే అయితే డీ. పైన కనిపించే మూతలు, వాల్వ్‌లు సర్వే చేసి కలిపితే సీ. రాడార్ లాంటి వాటితో జాడ పడితే బీ. తవ్వి కళ్లారా చూసి కొలిస్తే ఏ. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ప్రాజెక్టులు మోడల్ చేసే మన పిల్లలు ఈ అక్షరాల్ని రోజూ టైప్ చేస్తారు. టైప్ చేసి వదిలేస్తారు! ఆ అక్షరం జామెట్రీని కదిలించాలి కదా?

నేనేం చేస్తానంటే, పైపు చుట్టూ పారదర్శకంగా ఇంకో తొడుగు కడతాను. డీ అయితే మీటరు మందం, ఏ అయితే 50 మిల్లీమీటర్లు. ఇవి నేను పెట్టుకున్న అంకెలు, మీ సైట్‌ని బట్టి మార్చుకోండి. ఆ తొడుగుకి వేరే సబ్‌కేటగిరీ, అంటే రెవిట్‌లో విడిగా చూపించి దాచుకునే గుంపు, ఇస్తే డ్రాయింగ్ షీట్లలో కనపడకుండా ఆపేయొచ్చు, క్లాష్ టెస్ట్‌కి మాత్రం ఇవ్వొచ్చు. మొదటిసారి రన్ చేస్తే స్క్రీన్ అంతా ఎర్రగా నిండిపోయింది. మేనేజర్ కంగారుపడ్డాడు. నాకు మాత్రం ఎక్కడెక్కడ ట్రయల్ పిట్, అంటే పైపు ఉందో లేదో చూసుకునే గుంత, తవ్వాలో ఆ ఎరుపే చూపించింది!

వీడియో ఆపి మీ మోడల్ తెరవండి. అన్నిటికన్నా లోతైన మ్యాన్‌హోల్ మీద క్లిక్ చేయండి. లోతు ఎంత, డయామీటర్ ఎంత? రెండు అంకెలూ కింద కామెంట్లో పెట్టండి. ఒక్కొక్కటీ చదువుతా.