మాహాన్ గుమ్మటం కింద దక్కన్ సొమ్ము

అందరికీ నమస్కారం.

ఇరాన్ అనగానే మనకు ఇస్ఫహాన్, షీరాజ్ గుర్తొస్తాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది మాహాన్ అనే చిన్న ఊరి గురించి. కేర్మాన్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 35 కిలోమీటర్లు. దాపున జూపార్ కొండలు. తూర్పుగా పోతే లూత్ ఎడారి, భూమ్మీద అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కే చోట్లలో అదొకటి. అలాంటి సీమలో చెట్ల నీడ, తోటలు ఉన్న ఊరు ఎలా నిలబడింది?

భూమి లోపల నడిచే నీళ్ల వల్ల. కొండ పాదం దగ్గర లోతుగా బావి తవ్వుతారు. పారసీకంలో దాన్ని తల్లిబావి అనే అంటారు. అక్కడి నుంచి ఊరి దాకా సన్నటి వాలుతో సొరంగం. తవ్విన మట్టి పైకి తీయడానికీ, గాలి ఆడటానికీ మధ్యమధ్యలో నిలువు బావులు. ఏతం అక్కర్లేదు, ఎద్దులు అక్కర్లేదు. నీళ్లు తమంతట తామే నడిచొస్తాయి, ఎండకు ఆవిరి కావు. దీన్నే కనాత్ అంటారు. మాహాన్ పక్కనున్న జూపార్‌లోని కనాత్‌ను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ సొరంగాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈ ఊరికి 15వ శతాబ్దం మొదట్లో షా నిమతుల్లా వలీ అనే సూఫీ గురువు వచ్చి స్థిరపడ్డారు. పుట్టింది సిరియాలోని అలెప్పోలో. మక్కాలో గురువు దగ్గర ఉన్నారు. తర్వాత సమర్‌ఖండ్ వైపు వెళ్తే అక్కడ జనం ఆయన చుట్టూ చేరడం తైమూరుకు నచ్చలేదు. ఆ సీమ వదిలి రావలసి వచ్చింది. మాహాన్‌లో ఆయన వ్యవసాయం చేశారు. శిష్యుల్ని కూడా ఊరికే కూర్చోనివ్వలేదు, ఏదో ఒక పని చేసుకుని బతకమన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ముందుగా ఇందుకే. 1431లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు దాదాపు నూరేళ్లు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1422లో బహమనీ గద్దెనెక్కిన అహ్మద్ షా రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చాడు. ఓరుగల్లును కలుపుకున్నదీ ఈయనే. గుల్బర్గాలో ఆయనకు అండగా నిలిచిన సూఫీ గురువు గేసూదరాజ్ ఆయన గద్దెనెక్కిన ఏడాదే చనిపోయారు. కొత్త రాజధానికి ఒక గురువు కావాలి. అందుకని ఎక్కడో మాహాన్‌కు మనుషుల్ని పంపాడు. గురువు తాను రాలేదు. పన్నెండు మడతల ఆకుపచ్చ టోపీ ఒకటి పంపారు, ఉత్తరంలో రాజును ‘వలీ’ అని, అంటే దేవుడికి దగ్గరైన మహాత్ముడని, సంబోధించారు. అప్పటి నుంచి ఆయన అహ్మద్ షా వలీ అయ్యాడు. తర్వాత మనవడు నూరుల్లాను పంపారు. రాజు అతనికి తన కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. గురువు పోయాక కొడుకు ఖలీలుల్లా కూడా బీదర్ చేరాడు.

అక్కడ మాహాన్‌లో గురువు సమాధి మీద గుమ్మటం కట్టించింది ఎవరో తెలుసా? మన అహ్మద్ షా. 1436లో పని మొదలైంది, అదే ఏడాది ఆయన పోయాడు, కొడుకు అలావుద్దీన్ కాలంలో పూర్తయింది. ఇవాళ ఫొటోల్లో మెరిసే నీలి పలకల పని తర్వాత ఇరాన్‌ను ఏలిన సఫావీల కాలానిది, ఎత్తైన జంట మినార్లు 19వ శతాబ్దానివి. కానీ వాటన్నిటి నడుమ ఉన్న గది దక్కన్ సొమ్ముతో లేచింది. ఆ సొమ్ము ఎవరిది? శిస్తు కట్టిన రైతులది. అందులో తెలంగాణ రైతులూ ఉన్నారు. ఆ గుమ్మటం కథ చెప్పేటప్పుడు వాళ్లను వదిలేయకూడదని నా పట్టుదల.

ఈ రాకపోకలన్నీ సుఖంగా సాగలేదు. ఇరాన్ నుంచి వచ్చిన ఆఫాకీలకూ, ఇక్కడే పాతుకుపోయిన దక్కనీలకూ మధ్య పదవుల కోసం పెరిగిన పగ చివరికి బహమనీ రాజ్యాన్నే తినేసింది.

కానీ ఇరాన్ వాళ్లతో వచ్చిన పనితనం మిగిలింది. బీదర్ శివార్లలో నౌబాద్ దగ్గర ఇరవైకి పైగా నిలువు బావులతో ఒక భూగర్భ కాలువ ఉంది. కరేజ్ అంటారు, సురంగ బావి అని కూడా అంటారు. అదే తల్లిబావి, అదే వాలు, అదే గాలి బావులు. ఎడారి అంచున మట్టిలో తవ్విన విద్యను ఇక్కడ ఎర్ర జేగురు రాతిలో తొలిచారు.

ఇంకొకటి చెప్పాలి. ఇరాన్‌లో షా నిమతుల్లా పేరుతో నడిచిన సూఫీ శాఖ క్షీణించినా దక్కన్‌లో బతికింది. 18వ శతాబ్దం చివర్లో హైదరాబాదులోని రజా అలీ షా దక్కనీ తన శిష్యుడు మాసూమ్ అలీ షాను ఇరాన్‌కు పంపారు. అక్కడ ఆ శాఖ మళ్లీ చిగురించింది ఆయన వల్లే. మాహాన్ నుంచి వచ్చింది మూడున్నర శతాబ్దాల తర్వాత మన ఊరి నుంచి తిరిగి వెళ్లింది.

మాహాన్ వెళ్లడం అందరికీ కుదరదు. బీదర్ అయితే హైదరాబాదు నుంచి మూడు గంటల దారి. ముందు సురంగ బావి చూడండి. తర్వాత బీదర్ పక్కనే ఉన్న అష్టూర్ వెళ్లండి. దారిలోనే ఖలీలుల్లా సమాధి చౌఖండీ, నల్లరాతి మీద షీరాజ్ లేఖకుడు ముగీస్ చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. అష్టూర్‌లో అహ్మద్ షా సమాధి లోపల గోడల మీద, మాహాన్ గురువు గారి గురుపరంపర రంగుల్లో రాసి ఉంటుంది. అక్కడ ఉర్సు నడిపించేది ఒక జంగమ. లింగాయతులు ఆ రాజును అల్లమప్రభువుగా కొలుస్తారు. వీలైతే ఉర్సు రోజుల్లోనే వెళ్లండి. లోపల చీకటిగా ఉంటుంది, టార్చి మరిచిపోకండి.