జపాన్ జనం వద్దన్నది యుద్ధాన్ని, యూనిఫాంని కాదు

యాంకర్: నమస్కారం. 2027 నాటికి రక్షణ ఖర్చును జీడీపీలో 2 శాతానికి చేర్చాలని 2022 డిసెంబరులో జపాన్ నిర్ణయించింది. ఐదేళ్లకు 43 లక్షల కోట్ల యెన్లు. యుద్ధాన్ని త్యజిస్తున్నామని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. మేడమ్, అక్కడి జనం మనసు మారిపోయిందా?

చరిత్ర అధ్యాపకురాలు: కొంత మారింది. కానీ ముందు వాళ్లు దేన్ని వద్దన్నారో చూడాలండీ. యుద్ధాన్ని త్యజించే ఆ 9వ అధికరణాన్ని అమెరికా రుద్దిందని అంటుంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదలైన అమెరికా ఆక్రమణ 1952లోనే ముగిసింది. ఇంతవరకూ ఆ రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు.

విశ్రాంత నౌకాదళ అధికారి: మార్చడం అంత తేలిక కాదు కదండీ. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆపైన రెఫరెండం గెలవాలి.

అధ్యాపకురాలు: నిజమే సర్. అయితే 1950ల్లో మార్చాలని గట్టిగా పట్టుబట్టిన పాలకులకు ఆ బలం దక్కకుండా చేసింది ఓటర్లే. పైగా ఇది పుస్తకాల్లో పుట్టిన శాంతివాదం కాదు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ రేడియోధార్మిక బూడిద ఫుకుర్యు మారు అనే ట్యూనా పడవలో ఉన్న 23 మంది మీద పడింది. పడవ తిరిగొచ్చాక జనం చేపలు కొనడానికే హడలిపోయారు. టోక్యోలోని సుగినామిలో చేపల కొట్టు నడిపే కుటుంబంలోని ఒకావిడ మహిళల సమావేశంలో లేచి, ఏదో ఒకటి చేయండని అడిగింది. అక్కడి గృహిణులు పార్టీ జెండా లేకుండా ఇల్లిల్లూ తిరిగి హైడ్రోజన్ బాంబులు వద్దంటూ సంతకాలు సేకరించారు. సెప్టెంబరులో పడవలోని రేడియో ఆపరేటర్ కుబోయామా చనిపోయాడు. మరుసటి ఏడాది ఆగస్టుకు దేశమంతా కలిపి 3 కోట్ల సంతకాలు దాటాయి. అప్పటి జనాభా దాదాపు 9 కోట్లే!

అధికారి: అదే 1954 జులైలో ఆత్మరక్షణ దళాలు, అంటే ఇప్పటి జపాన్ సైన్యం, ఏర్పడ్డాయి. ఆ సంగతీ చెప్పాలి.

అధ్యాపకురాలు: చెప్పాల్సిందే. ఆ రెండూ ఒకే ఏడాది జరిగాయి, అప్పటి నుంచీ రెండూ పక్కపక్కనే సాగుతున్నాయి.

అధికారి: 2011 సునామీ తర్వాత లక్ష మంది సిబ్బంది రంగంలోకి దిగారు. బురదలో శవాలు వెతికారు, ఇళ్లు పోయినవాళ్లకు వేడినీళ్ల స్నానాలు ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వ సర్వేలో 90 శాతానికి పైగా జనం ఆ దళాలంటే మంచి అభిప్రాయం ఉందన్నారు. ఒక సైనికుడిగా ఇది చదివి నేను చలించిపోయాను.

అధ్యాపకురాలు: అలాంటి దేశంలోనే 2015లో, మిత్రదేశం కోసం కూడా యుద్ధం చేయొచ్చనే చట్టాలు వస్తున్నాయంటే పార్లమెంటు ముందు వేలాది మంది నిలబడ్డారు. కాపాడే చేతులు కావాలి, పరాయి యుద్ధానికి వెళ్లే చేతులు వద్దు. నాకు అర్థమైనంతలో జనం గీసిన గీత అదే.

యాంకర్: మరి హిరోషిమా గుర్తున్నంతగా, చైనాలోని నాంజింగ్‌లో జపాన్ సైన్యం చేసిన ఊచకోత గుర్తుందా?

అధ్యాపకురాలు: లేదండీ. అదే ఆ శాంతివాదపు పెద్ద లోపం. పాఠ్యపుస్తకాల సెన్సార్‌పై చరిత్రకారుడు ఇయెనగా సబురో 1965లో కోర్టుకెక్కితే, ఆ పోరాటం 1997 దాకా సాగింది.

అధికారి: నాకు ఇంకో బాధ ఉంది. దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు. దేశ భూభాగంలో 0.6 శాతం. జపాన్‌లో కేవలం అమెరికా దళాలు వాడుకునే స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం అక్కడే ఉంది. 2019లో అక్కడ జరిగిన రెఫరెండంలో ఓటేసినవాళ్లలో 70 శాతానికి పైగా హెనోకోలో కడుతున్న కొత్త అమెరికా స్థావరం పనులు వద్దన్నారు. పనులు ఆగలేదు. ప్రధాన భూభాగం వాళ్లు ప్రశాంతంగా ఉన్నారంటే, ఆ బరువు వీళ్ల నెత్తిన పెట్టే!

అధ్యాపకురాలు: అక్షరాలా నిజం. శాంతి గురించి మాట్లాడే టోక్యోవాళ్లు ముందు జవాబు చెప్పాల్సింది ఒకినావాకే.

యాంకర్: ఇప్పుడు చైనా, ఉత్తర కొరియా, యుక్రెయిన్ యుద్ధం. ఈ టెన్షన్‌లో ఆ గీత నిలుస్తుందా?

అధికారి: రక్షణ బలం పెంచాలనేవాళ్లు పెరిగారు. దానికోసం పన్ను పెంచుతామంటే మాత్రం ఎక్కువమంది వద్దన్నారు. చేరేవాళ్లూ దొరకడం లేదు. 2023 ఆర్థిక సంవత్సరంలో అనుకున్న సంఖ్యలో దాదాపు సగమే భర్తీ అయింది.

అధ్యాపకురాలు: అదంతా శాంతివాదమేనని నేను అనను సర్. అక్కడ యువతే తగ్గిపోయింది, బయట ఉద్యోగాలున్నాయి. కానీ బడ్జెట్ కాగితం మీద 2 శాతం రాసుకున్నంత సులువుగా ఒక తల్లి తన కొడుకును పంపదు. వాళ్లను ఒప్పించకుండా ఏ ప్రభుత్వానికీ అక్కడ ముందుకు పోవడం సాధ్యం కాదు.