ఈ నేల మీద మనకంటే ముందు ఎవరున్నారు?
(జార్జియా రాష్ట్రం ఫోర్సైత్ కౌంటీలో తెలుగువారి సంక్రాంతి సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, కమిటీ సభ్యులకు, పొద్దున్నుంచీ వంటల దగ్గరే నిలబడిపోయిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ముగ్గుల పోటీలో గెలిచిన పిల్లలకు అభినందనలు, గెలవనివాళ్లకు ఇంకాస్త ఎక్కువ అభినందనలు.

యువతకు వ్యక్తిత్వ వికాసం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. లక్ష్యాలు, సమయపాలన, ఆత్మవిశ్వాసం అని రాసుకొచ్చాను. ఆ కాగితం జేబులోనే ఉండనివ్వండి. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు ఈ సోమవారమే. మనం కూర్చున్నది ఫోర్సైత్ కౌంటీలో. ఈ రెంటికీ ఉన్న సంబంధం మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పెద్దల్లో ఎంతమందికి తెలుసు?

1912 నాటికి ఇక్కడ వెయ్యిమందికి పైగా నల్లజాతివాళ్లు ఉండేవారు. సొంత పొలాలున్న రైతులు, కౌలుదార్లు, పాస్టర్లు, కూలీలు. ఆ సెప్టెంబరులో మే క్రో అనే తెల్లజాతి అమ్మాయి మీద దాడి జరిగింది, కొన్నాళ్లకు ఆమె చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి పట్టుకొచ్చి ఈ కౌంటీ కేంద్రమైన కమ్మింగ్ ఊరి జైల్లో పెట్టారు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. గుంపు జైల్లోకి చొరబడి చంపేసి, ఊరి నడిబొడ్డున స్తంభానికి వేలాడదీసింది. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే మరో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లకు ఇదే కేసును ఒక్కరోజులో తేల్చి ఉరి వేశారు. చూడ్డానికి వేలమంది తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. నాక్స్‌కి 16 ఏళ్లు. ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, మీ వయసే.

ఆ తర్వాత రాత్రిపూట గుంపులు తిరిగాయి. చర్చిలు తగలబెట్టారు, ఇళ్ల మీద కాల్పులు జరిపారు. కొన్ని వారాల్లోనే దాదాపు అందరూ పిల్లాజెల్లాతో వెళ్లిపోయారు. అమ్ముకోగలిగినవాళ్లు భూములు అయినకాడికి అమ్ముకున్నారు. మిగిలినవాటిలో కొన్నింటిని పక్కవాళ్లు కలిపేసుకుని, పన్ను కట్టి, కొన్నేళ్లకు తమ పేర రాయించుకున్నారు. గట్టు జరపడం, పన్ను రసీదు చూపించి పట్టా చేయించుకోవడం మన ఊళ్లలో మనం చూడందేమీ కాదు. 1985లో కారంచేడు మాదిగలు ఆరుగుర్ని పోగొట్టుకుని, ఊరొదిలి చీరాలలో తలదాచుకున్నారు. అది తెలిసినవాడికి ఫోర్సైత్ కథ వేరే దేశం కథలా అనిపించదు.

ఈమధ్య ఒక గృహప్రవేశానికి వెళ్లాను. వ్రతం అయింది, ప్రసాదాలు పెడుతున్నారు. ఇంటాయన నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడు. "ఏరియా చాలా సేఫ్ అంకుల్, ఇటువైపు నల్లవాళ్లు పెద్దగా ఉండరు" అన్నాడు. ఎనిమిదేళ్ల కూతురు పక్కనే నిలబడి వింటోంది. ఎందుకుండరు నాయనా అని అడిగాను. "ఇళ్ల రేట్లు ఎక్కువ కదా అంకుల్" అన్నాడు. రేట్లు కాదు బాబూ, తరిమేశారు, 75 ఏళ్లపాటు మళ్లీ కాలు పెట్టనివ్వలేదు అన్నాను. అక్కడ మాట ఆగిపోయింది, ఎవరో కాఫీ అందించారు. ఆ పిల్ల మాత్రం "ఎవరు తరిమారు తాతా?" అని నా వెంటే తిరిగింది. ఆ పిల్లకి ఉన్న ఆరాటం మనకెందుకు లేదు? అడుగుతున్నాను, చెప్పండి.

1987 జనవరి 17న, కింగ్ పుట్టినరోజు సెలవు సందర్భంగా, ఆయన అనుచరుడు హోసియా విలియమ్స్ ఒక చిన్న బృందంతో ఇక్కడ పాదయాత్రకు వస్తే రాళ్లు, సీసాలు విసిరారు. వారం తిరక్కుండా, 24న, సుమారు 20,000 మంది తిరిగొచ్చారు. కింగ్ భార్య కొరెటా కింగ్ వచ్చారు, పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ వచ్చారు, నేషనల్ గార్డ్ కాపలా కాసింది. ఈ హోసియా, ఈ లూయిస్ ఎవరనుకున్నారు? 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద, నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం, ముందు వరసలో పక్కపక్కన నడిచినవాళ్లే. పోలీసుల దెబ్బలకు లూయిస్ తల పగిలింది. ఆ ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అక్టోబరు 3న మనలాంటివాళ్లకు తలుపు తెరిచిన వలస చట్టం వచ్చాయి. అంతకుముందు భారతీయులకు కోటా ఏడాదికి దాదాపు 100 మందే. ఆ ఉద్యమం ఈ దేశాన్ని కుదిపి ఉండకపోతే ఈ హాలు ఇలా నిండేది కాదు. ఇది నా గట్టి నమ్మకం.

అధ్యక్షా, చీటీ అందింది. రెండు నిమిషాలు.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఆదేశం గుర్తుందిగా? తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాదన్నారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారం ఎవరికీ నిద్ర లేదు, నెలలు నిండిన ఆడపిల్లలు ఏడ్చారు. కోర్టుకెళ్లినవాళ్లు చేత పట్టుకెళ్లింది 14వ రాజ్యాంగ సవరణ. 1857లో సుప్రీంకోర్టు నల్లజాతివాళ్లు పౌరులే కారంది. అంతర్యుద్ధం అయ్యాక 1868లో, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం ఆ సవరణ తెచ్చారు. మన పిల్లల నీలం పాస్‌పోర్టుకు ఆధారం అదే. అమ్మా, అయ్యా, ఆ పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకుని, ఆ మనుషులు పక్కింటికి రాకూడదని కోరుకోవడం ఏం న్యాయం?

పిల్లలూ, ఎదగడమంటే మంచి ర్యాంకు, మంచి ప్యాకేజీ అనే మేం నేర్పాం. దానికి ఇది కూడా కలుపుకోండి. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే, అమ్మయినా నాన్నయినా నాలాంటి తాతయినా సరే, మర్యాదగా ఎదురు చెప్పండి.

కమ్మింగ్ డౌన్‌టౌన్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో 2021లో ఒక ఫలకం నిలబెట్టారు. సోమవారం పొద్దున పదింటికి అక్కడికి వెళ్దాం. ఆనాడు వెళ్లగొట్టబడ్డవాళ్ల వారసులకు ఇక్కడి కొన్ని చర్చిలు కలిసి స్కాలర్‌షిప్ ఇస్తున్నాయి. మన సంఘం తరఫున ఈ ఏడు మనమూ కొంత కలుపుదామని కమిటీకి ప్రతిపాదిస్తున్నాను. భోజనాల దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడతాను. వచ్చేవాళ్లు పేర్లు రాయించండి, కారులో ఎన్ని సీట్లు ఖాళీయో కూడా చెప్పండి.